డ్రయ్యర్‌లో పడ్డ సాక్సు

"ఒలే ఝాన్సీ, గెంతకే. మీ అమ్మ లెగిసిపోద్ది."

నానమ్మ అసిరమ్మ గొంతు తగ్గించే చెప్పింది. కాకపోతే ఆవిడ తగ్గించిన గొంతు కూడా పక్క క్వార్టరు దాకా వినిపిస్తుంది.

ఝాన్సీ వరండాలో ఒంటికాలి మీద గెంతుతోంది. అయిదో క్లాసు చదివే ఝాన్సీకి ఒక్కచోట నిలబడటం చేతకాదు. పళ్ళు తోముకుంటూ తిరుగుతుంది, అన్నం తింటూ తిరుగుతుంది. హోంవర్క్ సగం మంచం మీద, సగం గుమ్మంలో చేస్తుంది.

ఇవాళ మరీ కాలు నిలవడం లేదు. వారం రోజులుగా బిలాస్‌పూర్‌ని వాన వదలడం లేదు. బయట ఆడేందుకు లేదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో మాత్రం పిల్లల క్యారమ్స్ ఫైనల్ ఉంది. స్నేహితురాలు స్వాతి ఆడుతోంది. ఝాన్సీ వెళ్ళి చప్పట్లు కొట్టాలి, కేకలు పెట్టాలి. వెళ్దామంటే ఇంట్లో పని తగులుకుంది.

పనికి కారణం పసుపు.

ఝాన్సీ వాళ్ళమ్మ ఉషారాణి రైల్వేలో గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, ఇంట్లో అందరికీ గార్డే. ఇన్నాళ్ళూ బొగ్గు బండ్ల వెనకాల తిరిగింది. ఈ సాయంత్రం మొట్టమొదటిసారి మనుషులెక్కే బండికి డ్యూటీ పడింది. దానికోసం తెల్లటి కొత్త యూనిఫాం కుట్టించుకుంది. ఒక్క జతే వచ్చింది. రెండోది ఇంకా టైలర్ దగ్గరే ఉంది.

కొత్తబట్ట వేసుకునే ముందు మూలకి కాస్త పసుపు పెట్టాలి కదా! కోడలికి తెలియకుండా అసిరమ్మే పెట్టింది. వాన చెమ్మకి పసుపు జారి, కాలర్ మీంచి జేబు దాకా పాకింది. కంగారులో సబ్బు రుద్దింది. పసుపు కాస్తా ఎర్రగా తిరిగింది. ఇంక చూడాలి ఆవిడ అవస్థ! నిమ్మకాయ రుద్ది, మళ్ళీ ఉతికి, ఎలాగో వదిలించింది.

ఇప్పుడది సాయంత్రానికి ఆరాలి. ఉషారాణి రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి లోపల నిద్రపోతోంది. ఆమె లేచేలోపే ఆరాలి.

"డ్రయ్యర్‌లో చొక్కా, పేంటు రెండే వెయ్యి," అంది నానమ్మ. "లోపలి మూత పెట్టు. ఆగేదాకా అక్కడే ఉండు. నాను పప్పు దించొస్తాను."

"అచ్ఛా అచ్ఛా!" అంది ఝాన్సీ, స్కూల్లో అలవాటైన హిందీలో.

వరండాలోని వాషింగ్ మెషీన్‌కి ఒకవైపు ఉతికే తొట్టి, రెండోవైపు డ్రయ్యర్. డ్రయ్యర్ లోపలి గిన్నె గిర్రున తిరుగుతూ బట్టల్లోని నీళ్ళన్నీ బయటికి కొట్టేస్తుంది. తీసిన బట్టలు ఫ్యాన్ కింద కాసేపు ఉంచితే ఆరిపోతాయి.

ఝాన్సీ చొక్కా, పేంటు కుక్కింది. పక్కనే తన తువ్వాలు తడిసి ఉంది. మళ్ళీ ఇంకోసారి ఎవరు నిలబడతారని అదీ ఒకవైపు కుక్కేసింది. పైన స్కూలు సాక్సులు పడేసింది. బట్టలు ఎగిరిపోకుండా నొక్కిపెట్టే లోపలి మూత కనిపించలేదు. వెతకలేదు. పై మూత వేసి స్విచ్ తిప్పింది.

దబ్, దబ్, దబ్, దబ్!

మెషీన్ ఊగిపోతూ గోడ దగ్గర్నుంచి ముందుకు నడిచొచ్చింది. బరువంతా ఒకవైపే ఉంది మరి. ఝాన్సీ గబుక్కున మూత తీసి, గిన్నె ఇంకా తిరుగుతుండగానే చెయ్యి పెట్టింది. తువ్వాలు కొన వేళ్ళకి చురుక్కుమని తగిలింది.

"ఉఫ్!"

చెయ్యి ఊదుకుని, తువ్వాలు కాస్త సర్ది, మళ్ళీ స్విచ్ తిప్పింది. ఈసారి ఖట్ మని చప్పుడొచ్చింది. తరవాత ఊఁ... అని మూలుగు. గిన్నె తిరగలేదు. కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఝాన్సీ భయపడి స్విచ్ కట్టేసింది.

బట్టలు బయటికి లాగింది. చొక్కా ఉంది. పేంటు ఉంది. తువ్వాలు ఉంది. సాక్సు ఒక్కటే ఉంది.

రెండోది ఎక్కడికి పోయింది? గిన్నెకీ తొట్టికీ మధ్య సన్నటి సందు ఉంది. లోపల అంతా చీకటి. ఝాన్సీకి విషయం అర్థమైపోయింది. ఒంటి సాక్సుని గౌను జేబులో దాచేసింది.

"నానమ్మా! వోల్టేజ్ లేదు. మెషీన్ తిరగట్లేదు."

అప్పుడే ఝాన్సీ వాళ్ళ నాన్న తిరుమలరావు అన్నానికి వచ్చాడు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడో లేదో, అసిరమ్మ సంగతి చెప్పింది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. మొదట ప్లగ్ పీకేశాడు.

"ఏటయిందమ్మా? మొదట్నుంచీ చెప్పు. ఏ చప్పుడొచ్చింది? నువ్వేటి చేసినావు?"

షెడ్డులో కూడా ఆయనకి అదే అలవాటు. ఇంజిన్ మొరాయించి వస్తే వెంటనే స్పానర్ పట్టుకోడు. నడిపినవాణ్ణి కూర్చోబెట్టి, టీ ఇప్పించి, జరిగిందంతా చెప్పించుకుంటాడు. ఆ తరవాతే చెయ్యి పెడతాడు.

"ఏం చెయ్యలేదు నాన్నా. ఊఁ అంది, తిరగలేదు. వోల్టేజ్ లేదు."

తిరుమలరావు తలెత్తి చూశాడు. ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది. "వోల్టేజ్ బాగానే ఉందే! చిన్న గుడ్డేదైనా సందులో పడిపోయిందేటి? పడితే ఇలాగే మూలుగుతాది."

"లేదు. పక్కా లేదు."

"లోపలి మూత పెట్టినావా?"

"పెట్టాను."

ఆయన కూతురి మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే సందులోకి తొంగి కూడా చూడలేదు.

"అయితే కెపాసిటర్ పోయుంటాది. మోటారు తిరగడానికి మొదటి తోపు ఇచ్చేది అదే. సదర్ బజార్‌లో దొరుకుతాది. బేగి తెచ్చేస్తాను."

రెయిన్ కోటు తగిలించుకుని, బండి తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

నానమ్మ యూనిఫాం పిండి ఫ్యాన్ కింద ఆరేసింది. చేత్తో ఎంత పిండినా మందం గుడ్డ కదా, నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కింద మడుగు కట్టింది.

"ఏయ్ ఝాన్సీ, చల్ నా! నా ఆట మొదలవుతుంది!" గేటు దగ్గర గొడుగు కింద స్వాతి పిలిచింది.

ఝాన్సీ చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. "నువ్వు వెళ్ళు స్వాతీ," అనేసి లోపలికి వచ్చేసింది.

ఇంట్లోనూ నిలవలేకపోయింది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, వంటగదిలోకి వెళ్ళింది, గడియారం చూసింది, మడుగు తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ మడుగు. అమ్మ తడిబట్టలతో డ్యూటీకి ఎలా వెళ్తుంది? మొదటి రోజే ఆలస్యమైతే?

నాన్న కంచం ఇంకా అలాగే ఉంది. అన్నంలో పప్పు కలిపి, సగంలో వదిలేసి వెళ్ళాడు. అన్నం ఎండిపోతోంది. అది చూసేసరికి ఝాన్సీ ఇంక ఊరుకోలేకపోయింది.

నానమ్మ ఫోను అందుకుని ఝాన్సీయే నాన్నకి చేసింది.

"ఆఁ, చెప్పమ్మా," అన్నాడు తిరుమలరావు. వాన హోరు వినిపిస్తోంది. "సదర్ బజార్‌లో కొట్టు మూసీసున్నారు. దయాల్‌బంద్‌లో ఒకటుందట. అక్కడికి వెళ్తన్నాను."

"వెళ్ళకు నాన్నా."

"ఏటి?"

"సాక్సు పడిపోయింది. లోపల. నాకు ముందే తెలుసు."

ఝాన్సీ కళ్ళు మూసుకుని మిగతాదంతా చెప్పేసింది. తువ్వాలు వేసింది చెప్పింది. మూత పెట్టలేదని చెప్పింది. దబ్ దబ్ అని ఊగిందని చెప్పింది. ఖట్ మన్నదీ, వాసన వచ్చిందీ చెప్పింది. చెయ్యి పెట్టిన సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"వాసనొచ్చాక ఎంతసేపు తిప్పినావు?"

"వెంటనే కట్టేశాను. సచ్చీ నాన్నా, నిజం."

"అచ్ఛా. అయితే మోటారు బతికే ఉంటాది. ప్లగ్ ముట్టుకోకు. వస్తన్నాను."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఝాన్సీకి.

తిరుమలరావు నీళ్ళోడుతూ వచ్చాడు. బట్టలు మార్చుకోకుండానే సన్నటి తీగ కొన కొక్కెంలా వంచాడు. ఝాన్సీ టార్చి పట్టుకుంది. "కదిలించకు," అన్నాడాయన. ఝాన్సీ రెండు చేతులతో బిగించి పట్టుకుంది. ఆయన గిన్నెని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పుతూ తీగతో లాగాడు. మొదట నల్లటి నూలుపీచు వచ్చింది. ఆ వెనకాలే, నల్లగా నలిగి, సాక్సు వచ్చింది.

"ఓలమ్మో!" అంది నానమ్మ. ఝాన్సీ వైపు ఒకసారి చూసి, ఇస్త్రీపెట్టె తీయడానికి వెళ్ళింది.

సందులో పీచంతా తీసేశాక తిరుమలరావు చొక్కా, పేంటు కూతురి చేతికిచ్చాడు. ఝాన్సీ బకెట్ వెనకాల వెతికి లోపలి మూత పట్టుకొచ్చింది. బట్టలు గిన్నెలో చుట్టూ సమానంగా సర్దింది. మూత పెట్టి నొక్కింది. పై మూత వేసింది. నాన్న ప్లగ్ పెట్టాడు.

ఝుయ్ మని తిరిగింది! దబ్ అన్న మాట లేదు. ఆగే ముందు గిన్నె ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంది. ఝాన్సీ చేతులు వెనక్కి కట్టుకుంది. పూర్తిగా ఆగిందని నాన్న తలూపాకే మూత తీసింది.

నానమ్మ ఇస్త్రీ చేస్తుండగానే ఉషారాణి లేచింది. స్నానం చేసి, యూనిఫాం వేసుకుని అద్దం ముందు నిలబడింది. తెల్లటి బట్టల్లో అమ్మ కొత్తగా, పొడుగ్గా కనిపించింది. ఆమె కాలర్ తడిమి చూసుకుంది.

"తడిగా ఉందేటి, అత్తా?"

"పసుపంటుకుంటే తడిపినానమ్మా. మెషీనేమో తిరగలేదు. వోల్టేజ్ లేదు," అంది అసిరమ్మ తడుముకోకుండా. "పాపం, గుంట మాత్రం ఏటి చేస్తాది?"

ఆవిడకి అంతా తెలుసు. అయినా మనవరాలిని వెనకేసుకొచ్చింది. తిరుమలరావు తల తుడుచుకుంటున్నాడు. ఉషారాణి సరేనని బొత్తాలు పెట్టుకోబోయింది. ఝాన్సీ ఊరుకుంటే ఆ మాట అక్కడితో అయిపోయేది.

"వోల్టేజ్ కాదమ్మా," అంది ఝాన్సీ. "నేను."

మొదటినుంచీ చెప్పింది. నాన్నకి అబద్ధం చెప్పిందీ, ఆయన అన్నం మానుకుని వానలో తిరిగిందీ చెప్పింది.

"ఇంకోటి ఉంది. నాన్నకి కూడా చెప్పలేదు. గిన్నె తిరుగుతుండగానే చెయ్యి పెట్టాను."

తిరుమలరావు చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఉషారాణి బొత్తాలు వదిలేసి గబగబా వచ్చి కూతురి చెయ్యి అందుకుంది. కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, వెలుతురులో పెట్టి, ఒక్కొక్క వేలూ వంచి చూసింది. తిప్పి మళ్ళీ చూసింది.

ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు ఝాన్సీకి అప్పుడు తన్నుకొచ్చేసింది.

"చొక్కా తడిసిపోతుందమ్మా," అంది అమ్మ గుండెకి ఆనుకుని వెక్కుతూ.

"తడవనీ," అంటూ ఉషారాణి ఇంకా దగ్గరికి లాక్కుంది.

ఉషారాణిని స్టేషన్‌లో దింపడానికి తిరుమలరావు బయటికెళ్ళి మోటార్‌సైకిల్ స్టార్ట్ చేశాడు. హారన్ కొట్టాడు.

"అమ్మా, టైమైపోతోంది. నీ బండి..." అంది ఝాన్సీ.

ఉషారాణి ఏనాడూ డ్యూటీకి నిమిషం ఆలస్యంగా వెళ్ళిన మనిషి కాదు.

"ఉండనీ. నిమిషం ఉండనీ," అంది, ఆ వేళ్ళు వదలకుండా.

ఆ నిమిషమంతా ఝాన్సీ కదలకుండా నిలబడింది.