నలభై జతల కొలతలు

“ఈ గౌను మా చిట్టికి కుట్టారా, నాకా?” అంటూ ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి దాన్ని టైలర్ బల్ల మీద పడేసింది.

పిల్లలు ఎదుగుతారు కదా అని కాస్త వదులు పెట్టానన్నాడు టైలర్. శనివారమే స్కూల్ ఇంటర్వ్యూ, ఈలోపు ఎంత ఎదుగుతుందని ఆమె నిలదీసింది. ఇంటర్వ్యూ మాట వినగానే నాలుగేళ్ళ చిట్టి చేతులు కట్టుకుని “మై నేమ్ ఈజ్...” అని మొదలుపెట్టింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

చిట్టి ఆమె అన్న కూతురు. తల్లి లేదు. తండ్రి లారీ మీద నెలలో ఇరవై రోజులు రోడ్లపైనే ఉంటాడు. వీధి చివరి పెద్ద స్కూల్లో పిల్లను చేర్చాలని మేనత్త పంతం. రోజంతా ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసి, ఇంటికొచ్చి చిట్టికి రంగులూ అంకెలూ వల్లె వేయించేది. సిఫారసు చేసే పెద్దమనుషులెవరూ లేరు. ఉన్నదల్లా ఆ పిల్ల నోరే.

ఆ వారంలో గౌను వంకతో ఆమె మళ్ళీ రెండుసార్లు వచ్చింది. రెండోసారి గౌనులో ఏ లోపమూ లేదని ఇద్దరికీ తెలుసు. అయినా అతను గంభీరంగా టేపు తీశాడు.

గురువారం స్కూలు గుమాస్తా హడావిడిగా వచ్చి, ఎల్‌కేజీలో చేరబోయే పిల్లల యూనిఫాం గుడ్డా, పేర్లూ కొలతలూ ఉన్న కాగితమూ ఇచ్చి వెళ్ళాడు. ఆరేళ్ళుగా ఆ స్కూలు బట్టలు కుట్టేది ఈ టైలరే. లెక్క చూసుకుంటూ ఉలిక్కిపడ్డాడు. నలభై పేర్లు. ఉన్న సీట్లు నలభయ్యే. ఇంటర్వ్యూలు చూస్తే ఎల్లుండి.

పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ వెతికాడు. చిట్టి పేరు లేదు.

సాయంత్రం ఆమె రాగానే కాగితం చేతిలో పెట్టాడు. చదువుతూ చదువుతూ ఆమె స్టూలు మీద కూలబడింది.

“మరి శనివారం మమ్మల్నెందుకు రమ్మన్నారు?”

అతను కాగితం వెనక్కి తీసుకుని మడతపెట్టాడు.

“ఇది బయటపడితే మీ ఆర్డర్ పోతుంది కదండీ. నాకెందుకు చూపించారు?”

“మీరు దానికి నేర్పిస్తుంటే తెలిసీ ఊరుకోలేకపోయాను.”

అయినా శనివారం ఆమె వెళ్ళింది. చిట్టి అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పింది. ప్రతిభ ఒక్కటే చూస్తామంది ప్రిన్సిపాల్. టైలర్ పొట్ట కొట్టడం ఇష్టంలేక ఆమె లిస్టు ఊసెత్తలేదు.

బయటికొచ్చి గేటు దగ్గర నిలబడిపోయింది. కుట్టని గుడ్డ తానును వాచ్‌మన్ బల్ల మీద పెట్టి, టైలర్ పక్కనే నిలబడి ఉన్నాడు. గురువారమే తనకేమి అందిందో తల్లిదండ్రులకు మామూలు గొంతుతో చెబుతున్నాడు. కాగితం చేతులు మారుతోంది. ఎవరూ అరవలేదు. ఓ తండ్రి మాత్రం కూతురి బూట్ల లేసు కడుతూ కడుతూ ఆగి, అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

గుమాస్తా పొరపాటని స్కూలు చెప్పింది. సీట్లేమీ మారలేదు. చిట్టి పక్క వీధిలోని చిన్న బడిలో చేరింది. అక్కడి టీచర్ పేరొక్కటే అడిగింది.

ఆ తర్వాతి ఆదివారం లారీ దిగిన అన్నకు ఆమె జరిగిందంతా చెప్పి, టైలర్‌ను ఇంటికి పిలిచింది.

“ఆరేళ్ళ పని ఎందుకు వదులుకున్నావయ్యా?” అన్నాడు అన్న.

“నలభై జతలూ కుట్టి, మళ్ళీ మీ చెల్లెలి ముఖం చూడలేననిపించిందండీ.”

అన్న గది వైపు తిరిగి, “ఏమ్మా, పెళ్ళి మాట నన్నడగడానికి ఇతన్ని పిలిచావా, చెప్పడానికి పిలిచావా?” అన్నాడు.

“చెప్పడానికే అన్నయ్యా,” అంది ఆమె తలుపు చాటునుంచి.