ఎనిమిది నిమిషాల శబ్దం

"గురువారం పదకొండింటికి కొరమేనును ఐసులో పెడతాం."

సెల్‌ఫోన్ సంభాషణలో దొరికిన ఆ ఒక్క వాక్యాన్ని మరియదాసు రెండుసార్లు చదివి, కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. ఆటోనగర్‌లో లారీ గేరుబాక్సులు అమ్మే షాపు వెనక గది అది. పైకి స్పేర్‌పార్టుల గోడౌన్. లోపల కేంద్ర ప్రభుత్వ రహస్య విభాగానికి విజయవాడ ఆఫీసు. మరియదాసు దానికి చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు పేరు పెద్దబ్బాయి. బందరు పక్కన గిలకలదిండిలో చేపల బోట్ల మధ్య పెరిగినవాడు. పదకొండేళ్ళ సర్వీసులో చాలా మారుపేర్లు వాడాడు గానీ ఏదీ సొంత పేరంత బాగా పనిచెయ్యలేదు. పెద్దబ్బాయి అనే మనిషి సీక్రెట్ ఏజెంటంటే ఎవరు నమ్ముతారు?

"కొరమేనంటే డాక్టర్ వెంకటకృష్ణారావు. ఐసంటే చావు," అన్నాడు మరియదాసు.

బ్రీఫింగ్ పది నిమిషాల్లో ముగిసింది. వెంకటకృష్ణారావు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్కాన్ సెంటర్లో రేడియాలజిస్టు. మెదడులో నీటి అణువులు ఎలా కదులుతున్నాయో చూపించే డిఫ్యూజన్ ఎమ్మారై మీద ఆరేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. పక్షవాతం కొట్టిన చోట ఆ కదలిక మందగిస్తుంది, చిత్రంలో అక్కడ తెల్లగా మెరుస్తుంది. కానీ అన్ని వైపుల నుంచీ వివరంగా చూడాలంటే రోగి ఎనిమిది నిమిషాలు తల కదపకుండా పడుకోవాలి. ప్రాణభయంతో గింజుకునే మనిషి అంతసేపు ఎక్కడ పడుకుంటాడు? డాక్టరు రాసిన కొత్త ప్రోగ్రాం ఆ పనిని నలభై సెకన్లలో పూర్తిచేస్తుంది. దాన్ని సర్కారు ఆసుపత్రులన్నిటికీ ఉచితంగా ఇస్తానన్నాడు. గురువారం బయటి డాక్టర్ల ముందు మొదటి డెమో. మొదటి తల తనదే కావాలని పట్టుబట్టాడు.

హెరాన్ అనే విదేశీ ముఠా దాని మీద కన్నేసింది. పరిశోధనలు దొంగిలించి అమ్ముకోవడం వాళ్ళ వ్యాపారం.

"కాపీ వాళ్ళకి చేరిపోయింది. రాసినవాడు బతికుంటే అది వాళ్ళది కాదు," అన్నాడు మరియదాసు.

"ఇచ్చిందెవరండీ?"

"ఉష."

ఉష వీళ్ళ మనిషే. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆర్నెల్ల క్రితం డాక్టరు దగ్గర ఉద్యోగంలో చేర్చి, ముఠాకు తనంతట తాను అమ్ముడుపోయినట్టు నటించమని పంపించారు. చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూసే అందం. ఇప్పుడు ఖరీదైన చీరలు, ఏసీ కారు. రెండు నెలలుగా ఆమె దగ్గర్నుంచి ఒక్క రిపోర్టు లేదు. నటిస్తోందో, నిజంగానే అమ్ముడుపోయిందో మరియదాసుకే తెలియదు. గురువారం యంత్రాన్ని నడిపేది ఆమే.

డెమో ఆపేస్తే ముఠా ఇంకో రోజు, ఇంకో దారిలో వస్తుంది. అందుకని డాక్టరు స్థానంలో పెద్దబ్బాయి పడుకోవాలి. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్ళు. టోపీ, గుడ్డ మాస్కు, తెల్ల రంగేసిన కనుబొమలు చాలు.

పెద్దబ్బాయి తల ఊపాడు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి బోటులో ఐసుగదిలో దాక్కుంటే, తెలియక ఎవరో పైన మూత బిగించిన సంగతి డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు. ఈ రోజుకీ అతను లిఫ్టు ఎక్కడు.

మంగళవారం వెంకటకృష్ణారావు అతన్ని తీసుకెళ్ళి యంత్రం చూపించాడు. గుమ్మం దాటి నాలుగడుగులు వేసి, చేతిలోని తాళంచెవి వదిలాడు. అది కింద పడలేదు. తూటాలా ఎగిరి వెళ్ళి యంత్రం నోట్లో అతుక్కుంది. ఇరవై నాలుగ్గంటలూ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుందని, ఇనుము అనేది లోపలికి రాకూడదని డాక్టరు పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

గురువారం పదకొండింటికి పిస్తోలు, కెమెరా ఉన్న పెన్ను, ట్రాన్స్‌మిటర్ దాచిన వాచీ అన్నీ గుమ్మం బయట ట్రేలో పెట్టేసి, పెద్దబ్బాయి ఒట్టి చేతులతో బల్ల మీద పడుకున్నాడు. ఉష లోపలికొచ్చింది. పంజరం లాంటి చట్రాన్ని అతని ముఖం మీదికి దించి గడియ వేసింది. ఛాతీకి, చేతులకు అడ్డంగా బెల్టు బిగించింది. అతని కళ్ళలోకి చూసి ఒక్క క్షణం ఆగింది. గుర్తుపట్టింది.

"కదలకండి డాక్టర్ గారూ. ఇబ్బందైతే ఇది నొక్కండి," అని రబ్బరు బుడ్డి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

బల్ల లోపలికి జరిగింది. ముక్కుకి జానెడు దూరంలో గొట్టం పైకప్పు. పెద్దబ్బాయికి ఐసు వాసన వచ్చినట్టనిపించింది. కళ్ళకు ఎదురుగా చట్రంలో చిన్న అద్దం ఉంది. అందులో తన పాదాలు, వాటి అవతల గది తలుపు కనిపిస్తున్నాయి. దాన్నే చూస్తూ ఊపిరి లెక్కపెట్టుకున్నాడు.

శబ్దం మొదలైంది. రేకుల షెడ్డు మీద వందమంది సుత్తులతో బాదినట్టు. పళ్ళు అదిరాయి. ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పన్నెండు దగ్గర తలుపు కదిలింది.

వరండా వైపు నుంచి ఖాకీ చొక్కా మనిషి తొంగిచూశాడు. నెల రోజులుగా సెంటరుకి ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చిచ్చేవాడు. తొందర లేకుండా తలుపు బార్లా తెరిచాడు. వాడి వెనక చక్రాల బండి, బండి మీద గొలుసుతో కట్టిన మనిషెత్తు ఇనుప సిలిండరు.

పెద్దబ్బాయి బుడ్డి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. గాలి పోయిన బంతిలా చేతిలో మెత్తగా అణిగిందే తప్ప ఎక్కడా గంట మోగలేదు. దాని గొట్టం కోసేశారు. తలను చట్రంలోంచి లాక్కోబోయాడు. గడియ రాలేదు. కాళ్ళు తన్నుకున్నాడు. అద్దాల కిటికీ అవతల డాక్టర్లందరూ కంప్యూటర్ తెరనే చూస్తున్నారు. అతను అరుస్తున్నాడు. తన అరుపు తనకే వినిపించడం లేదు.

ఇరవై ఎనిమిది. బండి ముందు చక్రాలు గుమ్మం దాటాయి. ముప్ఫై మూడు. ఖాకీ మనిషి ఇప్పుడు బండిని తోయడం లేదు. వెనక్కి వాలి పట్టుకున్నాడు. సిలిండరు మూతి యంత్రం వైపు వణుకుతోంది. వాడు వదిలితే చాలు. వదిలి, తప్పుకోవడానికి పక్కకు చూసుకుంటున్నాడు.

ముప్ఫై తొమ్మిది. నలభై.

శబ్దం ఆగిపోయింది.

ఒక్కసారిగా ఆవరించిన ఆ నిశ్శబ్దంలో పెద్దబ్బాయి కేక మైకులోంచి కంట్రోలు రూమంతా నిండింది. ఖాకీ మనిషి బిగుసుకుపోయాడు. ఇంకా ఏడు నిమిషాల పైన మోగాల్సిన శబ్దం ఎందుకు ఆగిందో వాడికి అర్థం కాలేదు. ఆ తెల్లబోవడంలో బండిని వదలడం మరిచిపోయాడు.

కంట్రోలు రూములోంచి మొదట పరుగెత్తింది ఉష. వాడి వెనక నుంచి బండి గొలుసు అందుకుని వరండాలోకి వాలిపోయింది. కంట్రోలు రూముకి వెళ్ళాక మళ్ళీ పెట్టుకున్న ఆమె తలలోని క్లిప్పు ఊడి యంత్రంలోకి ఎగిరిపోయింది. వరండా చివర ప్యూను వేషంలో కాపలా ఉన్న మరియదాసు కేక విని పరుగెత్తుకొచ్చి ఆమె వెనకే గొలుసు పట్టుకున్నాడు. డాక్టర్లు ఇద్దరు వచ్చి చెయ్యి వేశారు. కాలవలోంచి గేదెను లాగినట్టు నలుగురూ కలిసి అంగుళం అంగుళం లాగి సిలిండరును గుమ్మం బయట పడేశారు. పారిపోబోయిన ఖాకీ మనిషిని మరియదాసు మనుషులు మెట్ల దాకా కూడా వెళ్ళనివ్వలేదు.

పెద్దబ్బాయిని బయటికి తీసేసరికి అతని బట్టలు చెమటకు పిండేలా ఉన్నాయి. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. ఉష వచ్చి పక్కన కూర్చుంది. గొలుసు కోసుకుని ఆమె అరచేతులు రక్తం కారుతున్నాయి.

"నేను వాళ్ళకిచ్చింది పాత కాపీ అండీ. రెండు నెలల నుంచి నా ఫోను, నా కారు, అన్నీ వాళ్ళ కాపలాలోనే ఉన్నాయి. మీకు కబురు చెయ్యడం కుదర్లేదు. నిన్న ఒక్క ప్రశ్న అడిగారు, శబ్దం ఎంతసేపు ఉంటుందని. ఎందుకో చెప్పలేదు."

"మీరేం చెప్పారు?"

"ఎనిమిది నిమిషాలన్నాను. డెమోలో ముందు పాత పద్ధతిలోనే తీసి చూపిస్తామని చెప్పాను. అబద్ధం చెబితే ఏమౌతుందో నాకూ తెలీదండీ. నిజం మాత్రం చెప్పకూడదనిపించింది."

అతను జేబురుమాలు తీసి ఆమె చేతికి చుట్టబోయాడు గానీ చెమటకు తడిసిన గుడ్డ జారిపోయి ముడి పడలేదు. చివరికి ఆమే పళ్ళతో లాగి కట్టుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు హెరాన్ ముఠా నాయకుణ్ణి గన్నవరం విమానాశ్రయం గేటు దగ్గర పట్టుకున్నారు. అతని బ్రీఫ్‌కేసులో ఉన్న డిస్కులో ప్రోగ్రాం ఉంది. పాతదే.

సాయంత్రం వెంకటకృష్ణారావు సెంటరుకి తిరిగొచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని పెద్దబ్బాయి మెదడు చిత్రాలను ఒక్కొక్కటే చూశాడు. తన ప్రాణం తీయబోయారన్న సంగతి ఆయనకు అప్పుడే పాతబడిపోయింది. మనిషి అంత గింజుకున్నా చిత్రాలు పెద్దగా చెదరలేదని ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మీ మెదడుకి ఢోకా లేదండీ, పెద్దబ్బాయి గారూ. కదిలితే ఎలా వస్తుందో తెలిసిపోయింది. కదలకుండా పడుకుంటే ఎలా వస్తుందో కూడా చూద్దామా? నలభై సెకన్లేగా."

పెద్దబ్బాయి మరియదాసు వైపు తిరిగి, డాక్టరు గారిని అరెస్టు చెయ్యడానికి ఏదైనా సెక్షను దొరుకుతుందేమో చూడమన్నాడు.