వంటింటిదాకా వినిపించిన లెక్క

శనివారం ఆ ఇంట్లో ఎవరూ ఆసనాలు వేయరు. శనివారం ఆముదం రోజు. మైసూరు అగ్రహారంలో శ్రీకంఠ జోయిస్ గారి యోగశాల నడిచినన్నాళ్ళూ అదే పద్ధతి. పెరట్లో శిష్యులు వరసగా కూర్చుంటే, గోరువెచ్చని ఆముదం గురువుగారే వాళ్ళ నడినెత్తిన పెట్టేవారు. కాగులో నీళ్ళు మరిగేవి. సీకాయ వాసన వీధి చివరిదాకా వెళ్ళేది. ఇంటి ఆడవాళ్ళ తలంటు శుక్రవారం. శనివారం మాత్రం శిష్యులదే.

ఇప్పుడు పెరట్లో మిగిలింది జోయిస్ గారొక్కరే. మోకాళ్ళు మొరాయించి, గొంతు సన్నబడి, పాఠాలు మానేసి ఏడాదయింది. కూతురు నాగవేణి ఆముదం గిన్నె తెచ్చింది. చిన్న వయసులోనే భర్త పోయి, పసిపిల్లతో పుట్టింటికి చేరిన మనిషి. ఆ పసిపిల్ల ఇంచర ఇప్పుడు తల్లికంటే పొడుగు, నాలుక ఇంకా పొడుగు.

"వేణీ, సోమవారం బట్టల కొట్టువాళ్ళు వస్తారు. యోగశాల హాల్లో చాపలు తీయించు. గోదాముకి ఇచ్చేస్తున్నా," అన్నారాయన, మజ్జిగ అడిగినంత మామూలుగా.

ఎదురు చెప్పడం నాగవేణికి అలవాటు లేదు.

"గోదామా?" నోట్లో అక్కిరొట్టె ముక్క ఉండగానే ఇంచర వంటింట్లోంచి వచ్చింది. "అమ్మ పాఠాలు చెప్తుంది కదా తాతా!"

"మీ అమ్మా? అది నేర్చుకుందెప్పుడు?"

"నువ్వు నేర్పితే కదా! జర్మనీ ఆవిడకి నేర్పావు. జపాన్ ఆవిడకి నేర్పావు, ఫోటో కూడా గోడకి తగిలించావు. వాళ్ళకి రోజూ కాఫీ కలిపిచ్చిన కన్నకూతురు మాత్రం హాలు గడప దాటకూడదు!"

"నోరు ముయ్యవే. ఇంటి ఆడపిల్లకి నేర్పనని మా నాన్నకి మాటిచ్చాను. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య ఇది. నాకు కొడుకు లేడు. నాతో సరి."

"శివుడు ఈ విద్య మొట్టమొదట పార్వతికే చెప్పాడని కథ చెప్పిందెవరు? నువ్వే! మాటివ్వడానికి శివుడికి నాన్న లేడు కాబట్టి పార్వతి బతికిపోయింది."

"చాలించవే," అంటూ నాగవేణి గిన్నె కింద పెట్టింది. ఏళ్ళ తరబడి అదిమిపెట్టినదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. "నాకు వచ్చు అప్పా. మీరు శిష్యులకి ఆసనాల లెక్క చెబుతుంటే విని నేర్చుకున్నాను. పొయ్యిమీద పప్పు ఉడుకుతుంటే, వంటింటి తలుపేసుకుని, మీ లెక్కకి ఊపిరి పీల్చాను, మీ లెక్కకే వదిలాను. దొంగతనమే. తిట్టండి. కానీ ఆ హాలు మూసేయకండి. ఒక్కసారైనా అక్కడ నిలబడాలని ఉంది."

అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

జోయిస్ గారు కాగు కింద పుల్ల ఎగదోశారు.

"నీ కూతురికి కథ సగమే గుర్తుంది. శివుడు చెబుతుంటే మత్స్యేంద్రుడు చేప కడుపులోంచి అంతా వినేశాడు. ఆ సంగతి శివుడికి తెలియదనుకున్నావా?"

"అప్పా..."

"మా నాన్న పెదవి కదిపీ కదపకుండా లెక్కపెట్టేవాడు. నా శిష్యులు ఎదురుగా మూరెడు దూరంలో ఉండేవాళ్ళు. వాళ్ళకి వినపడాలంటే నేనంత అరవాలా? పప్పు మాడు వాసన వస్తే లెక్క ఆపేవాణ్ణి, నువ్వు దించుకునేదాకా."

లెక్క నడుమ ఆగిపోయిన ఆ తెల్లవారుజాములు నాగవేణికి గుర్తొచ్చాయి. నాన్నకి దగ్గు వస్తోందేమో అనుకునేది.

"మాట తప్పే ధైర్యం లేక గొంతు చించుకున్నానే తల్లీ. ఇప్పుడా గొంతు వంటింటిదాకా రాదు. ఇక నువ్వే రావాలి." తర్వాత మనవరాలి వైపు తిరిగారు. "ఆ బట్టల కొట్టువాళ్ళని రావద్దని చెప్పు."

"అయితే లేమ్మా, ఇప్పుడే హాల్లోకి పోదాం!"

"శనివారం నాడా? భలే దానివే! రేపు." ఆయన గిన్నె అందుకున్నారు. "కూర్చో వేణీ."

"నాకు నిన్ననే తలంటు అయింది కదప్పా."

"అది ఇంటి ఆడపిల్లకి," అంటూ ఆమె నడినెత్తిన ఆముదం పెట్టారు.