ఆఖరి గ్రిడ్‌కి ఒక్క నిమిషం

పట్టపగలు, పదిన్నరకి, పెనుమూడి వంతెన మీద సైంటిస్ట్ ఎబినేజర్‌ని కాల్చేశారు. బ్యాగు ఎత్తుకుపోయారు.

పన్నెండుకల్లా తెనాలిలో, మెడికల్ షాపు మేడమీద, చీఫ్ బసవేశ్వరరావు ఏజెంట్ నాగూర్ బాషాకి బ్రీఫింగ్ ఇచ్చాడు.

"ఎబినేజర్ కనిపెట్టింది ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే నానో పౌడరు. దొంగల పాలవుతాయని భయపడి నోట్సన్నీ ఆయనే తగలబెట్టుకున్నాడు. మిగిలింది ఆ బ్యాగులోని రాగి గ్రిడ్, అంటే మైక్రోస్కోప్‌లో పెట్టే చిన్న జల్లెడ బిళ్ల, దాని మీద ఒక్క మచ్చ పౌడరు. బాపట్ల ప్రైవేట్ ల్యాబ్‌లో విదేశీ ముఠా దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో వేడిచేసి, కణాలు ఎలా మారతాయో లైవ్ వీడియో తీస్తుంది. చూస్తే తయారీ తెలిసిపోద్ది."

"గ్రిడ్ తెస్తానండి."

"తేలేకపోతే వాళ్లకీ దక్కకూడదు. ఎలక్ట్రాన్ బీమ్ ఒకేచోట నిలిస్తే శాంపిల్ మాడిపోద్ది, గుర్తుంచుకో."

బాషాది రేపల్లె. అరవై ఎనిమిదేళ్ల అతని తల్లి జానీ బీ ఇప్పటికీ బిందెతో ట్యాంకరు వెనక పరిగెడుతుంది. ఆ గ్రిడ్ మీద అతని ఆశ అంతా ఇంతా కాదు.

పంపు మెకానిక్ వేషంలో ల్యాబ్‌లోకి వెళ్లాడు. మైక్రోస్కోప్ ముందు సిల్కు చీరలో, నల్ల కళ్లద్దాలతో స్టెల్లా. ఎబినేజర్ శిష్యురాలు, ముఠా దగ్గరా, బాషా డిపార్ట్‌మెంట్ దగ్గరా జీతం తీసుకునే మనిషి.

"చేబ్రోలు బస్సు వెళ్లిపోయిందామ్మా?" కోడ్ వర్డ్ విసిరాడు.

"నీ పని చూసుకో అన్నయ్యా."

రావాల్సిన జవాబు అది కాదు. ఇంకేముంది, కొంప మునిగింది! టూల్ బాక్స్‌లో వీడియోని ఆపే జామర్ నొక్కితే బ్యాటరీ అయిపోయి ఉంది. తలుపు దగ్గర రెండు తుపాకులు. స్క్రీన్ మీద నల్లటి చుక్కలు కనబడుతున్నాయి.

"రికార్డ్!" అన్నాడు ముఠా బాస్.

బాషాకి దిక్కుతోచలేదు. నోటికొచ్చింది అనేశాడు. "ఎబినేజర్ గారు ప్రార్థన లేకుండా మిషను ముట్టేవారు కాదటగా?"

స్టెల్లా చెయ్యి ఆగింది. ఎబినేజర్ దగ్గర పనిచేసినవాళ్లకి ఆ ఆచారం తెలుసు: ముందు బీమ్ ఆపాలి, తర్వాత తల వంచాలి.

"వన్ మినిట్. మా పద్ధతి," అంది బాస్‌తో. బీమ్‌ని మచ్చ మీదికి బిగించింది. ఆపలేదు. కళ్లు మూసుకుంది.

బాస్ టోపీ తీశాడు. అందరూ తలలు వంచారు.

బాషా ఒక్కడే స్క్రీన్ చూస్తున్నాడు. చుక్కలు ఉబ్బాయి, ఒకదాన్నొకటి మింగాయి. ఆపే బటన్ జానెడు దూరంలోనే ఉంది. తల్లి బిందె గుర్తొచ్చి చెయ్యి చాచాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఏడుపొచ్చింది.

"ఆమేన్," అంది స్టెల్లా.

స్క్రీన్ మీద తెల్లటి చిల్లు. బాస్ పిస్టల్ ఎత్తేసరికి చీఫ్ మనుషులు తలుపు బద్దలు కొట్టారు. రైల్వే గేటు పడిందట, అందుకే ఆలస్యం.

"సార్‌ని చంపుతారని నాకు చెప్పలేదు అన్నయ్యా," అని వెక్కింది స్టెల్లా.

సాయంత్రం రేపల్లెలో జానీ బీ గ్లాసుతో నీళ్లు అందించింది. "వెళ్లిన పని అయ్యిందా బేటా?"

"అయ్యింది అమ్మీ." తాగాడు. ఉప్పగానే ఉన్నాయి.

వీధిలో ట్యాంకరు హారన్ మోగింది. దేశాన్ని కాపాడిన ఏజెంట్ బిందె పట్టుకుని పరిగెత్తాడు, అయినా క్యూలో ఆఖరివాడే అయ్యాడు.