ఎజితే దగ్గర ఆగిన పని

"ఎజితే అంటే తటపటాయించడం ఒక్కటే కాదండీ!" అంటూ ఆమె అతను రాసిన అర్థాన్ని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది.

ఆ నిఘంటువు ఆఫీసులో ఫ్రెంచి వైపు ఆమె చూస్తుంది, తెలుగు అర్థాలు అతను రాస్తాడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే మాట అచ్చుకి వెళ్తుంది. మిగతావన్నీ వెళ్ళిపోయాయి, 'ఎజితే' అనే ఈ ఫ్రెంచి మాట ఒక్కటే మిగిలింది. ఇది తేలిన రోజున ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగానికి బండెక్కేస్తుంది.

"ఇంకేముంది అందులో?" అన్నాడతను.

"లాటిన్ నుంచి తెచ్చుకున్న మాట ఇది. అక్కడ అసలు అర్థం అతుక్కుపోవడం. కదల్లేక చిక్కుకుపోవడం. మాట గొంతులో ఆగిపోవడాన్ని కూడా అలాగే అనేవారు."

గొంతులో మాట ఆగిపోవడం గురించి అతనికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఏడాదిగా అదే పని మీద ఉన్నాడు మహానుభావుడు.

మర్నాడు 'సంశయించు' అని రాశాడు. కొట్టేసింది. ఆ మర్నాడు 'మీనమేషాలు లెక్కపెట్టు' అన్నాడు. పడీపడీ నవ్వి మరీ కొట్టేసింది. మొదట రాసిందే సరైనదని అతనికి తెలుసు. అయినా గట్టిగా వాదించలేదు, గెలుస్తానేమోనని భయం. సాయంత్రం ఆమె వెళ్ళిపోతే ఖాళీ కుర్చీ చూస్తూ కూర్చునేవాడు. పొద్దున్నే మళ్ళీ వచ్చే మనిషి మీద ఇంత బెంగేమిటని తనని తానే తిట్టుకునేవాడు. అలాంటి పొద్దులు ఇంక ఎన్నో లేవని తెలిసి మరింత బెంగపడేవాడు.

చివరికి ప్రధాన సంపాదకుడికి, అంటే ఆమె బాబాయికి, ఓపిక నశించింది. "ఒక్క మాటకి ఇన్నాళ్ళా? తటపటాయించు అంటే చాలు!" అని కాగితం లాక్కుని అచ్చుకి పంపేశాడు.

ఆమె బ్యాగు సర్దుకుంది. "వెళ్ళొస్తానండీ" అని అతని వైపు చూడకుండానే మెట్లు దిగిపోయింది.

అతను వానలో పరిగెత్తి గేటు దగ్గర ఆమెని అందుకున్నాడు.

"ఇంకా ఏమిటి మీ అభ్యంతరం?" అంది.

"మాట మీద ఏమీ లేదు. మీరు వెళ్ళడం మీదే. మీరు లేకుండా ఆ గదిలో కూర్చోవడం నా వల్ల కాదు. మీరంటే నాకిష్టం."

ఆమె కళ్ళు నిండాయి. "మీరు మొదట రాసిందే సరైనదని నాకు తెలీదా? మరి ఎందుకు కొట్టేశాననుకున్నారు?"

అతను ఆమె చేతిలోని బ్యాగు అందుకున్నాడు.

పైనుంచి బాబాయి కిటికీ తెరిచాడు. "అమ్మాయ్, బండి టైమైంది!"

"రేపు వెళ్తాను బాబాయ్!"

ఆయన ఇద్దరినీ ఓసారి ఎగాదిగా చూశాడు. "సరే, మీ నాన్నతో నేను మాట్లాడతాలే. ముందు ఆ అబ్బాయిని లోపలికి తీసుకురా, తడిసి ముద్దవుతున్నాడు!"