సందువైపు గోడ

ఆ ఇంటి సంగతి ఎవరినడిగినా గొంతు తగ్గించే చెప్పేవారు. చీకటిపడి గాలి లేచిందంటే చాలు, మధ్యగదిలో సందువైపు గోడ మూలిగేది. ఊఁ... ఊఁ... అని, అచ్చం మనిషిలాగే.

ఇల్లు కట్టించుకున్నది ఒక దర్జీ. ఆయన భార్య ఆ గదిలోనే మంచంపట్టి పోయింది. ఆ ఏడు వానలకే మూలుగు మొదలైంది. ఇంకేముంది, ఆవిడే ఇల్లు వదలడం లేదన్నారు. కూతురు హడలిపోయి, తండ్రిచేత ఇల్లు అమ్మించి, ఆయన్ని పక్కవీధిలో తన దగ్గర పెట్టుకుంది.

తర్వాత లెక్కల మాస్టారు కొన్నాడు. దెయ్యాల్లేవని అందరికీ క్లాసు పీకిన మనిషి, ఏడాది తిరక్కుండా సామాను బండికెత్తాడు. ఆ తర్వాత ఒక నర్సమ్మ. ఆవిడ రాత్రి డ్యూటీకి వెళ్తే ఎనిమిదేళ్ల కూతురు ఒక్కతే పడుకునేది. నెల తిరిగేసరికి ఆ పిల్లకు నత్తి పట్టుకుంది.

ఆ కబురు విని మా నాన్న కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ ఆయనే. మూలిగేదేమిటో ఆయనొక్కడికే తెలుసు.

గోడ లేపేటప్పుడు పరంజా కర్రలు గుచ్చడానికి కన్నాలు వదులుతారు. పనయ్యాక ఒక్కోదాన్నీ ఇటుకముక్క పెట్టి బిగించాలి. నాన్న తొందరలో చూరు కింద ఒకదాన్ని ఖాళీగా వదిలేసి, పైన పల్చగా పూత పూసేశాడు. వానకి పూత ఊడింది, గాలి దూరింది. చెబితే పనితనానికి మచ్చ... నోరు మూసుకున్నాడు. పోయిన మనిషిని దెయ్యమంటుంటే వింటూ కూర్చున్నాడు. పాపం కాదూ?

ఆ రాత్రి గాలి గట్టిగా ఉంది. నాన్న నిచ్చెన, తాపీ, కాస్త సిమెంటు తీసుకుని దొంగలా సందులో దూరాడు. ఎక్కాడు. ఇటుకముక్క దోపాడు. సిమెంటు కుక్కి నున్నగా రాశాడు.

మూలుగు ఆగిపోయింది.

కింద... ఎవరో కదిలారు.

తెల్లదుప్పటి కప్పుకుని, గోడకు చెవి ఆనించి—

"ఎ... ఎవరూ?" నిచ్చెన మీంచే అడిగాడు నాన్న.

"నేనేరా, మేస్త్రీ."

దర్జీ! సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ చూపు పోయిన ముసలాయన, నాన్నను గొంతును బట్టి పోల్చుకున్నాడు.

"గాలున్న రాత్రి వస్తుంటాను. మా అమ్మాయికి చెప్పకు, తిడుతుంది." గోడను మెల్లగా తట్టాడు. "ఇంతసేపూ పలికింది మీ పిన్ని... ఉన్నట్టుండి ఆగిందేంరా?"

నాన్న చేతిలో తాపీ ఇంకా తడిగానే ఉంది.

"అలిసిపోయి పడుకుందేమో, బాబాయ్."

"అంతేలే. రేపొస్తా."

నర్సమ్మ కూతురు ఆ రాత్రి నుంచి హాయిగా నిద్రపోయింది. దర్జీ మాత్రం పోయేదాకా, గాలి వీచిన ప్రతి రాత్రీ వచ్చి గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. నాన్న నిజం చెప్పలేకపోయాడు.

కిందటేడు ఆ ఇల్లు అమ్మకానికొస్తే నాన్న పట్టుబట్టి నాచేత కొనిపించాడు. వచ్చిన రోజే నిచ్చెన వేసుకుని చూశాను. కన్నం బిగించింది బిగించినట్టే ఉంది.

నిన్న రాత్రి గాలి లేచింది. మధ్యగదిలోకి వెళ్తే నాన్న చీకట్లో గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

"ఏంటి నాన్నా?"

"ష్... ఇప్పుడు ఇద్దరున్నార్రా."