కల్యాణి మ్యాట్రిక్స్

రెడ్డిగూడెం మామిడితోటలో పట్టపగలు చిన్నరాయప్పను కాల్చేశారు. పిస్టల్‌కు సైలెన్సర్ ఉంది. పక్క చెట్టెక్కి కాయ కోస్తున్న కూలీలకు కూడా చప్పుడు వినపడలేదు. వాళ్లకు అతను బుట్టలకు తాళ్లు బిగించే మనిషి. హైదరాబాదులో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం ఏజెంట్ సెవెంటీన్.

అది 1965 వేసవి. ఆ ఆఫీసులో చీఫ్, ఏజెంట్ భాస్కరరావుకు కబురు పెట్టాడు. నూజివీడు ప్రాంతం నుంచి ఒక రహస్య ట్రాన్స్‌మిటర్ సరిహద్దు అవతలికి మెసేజీలు పంపుతోందనీ, అన్నీ మూడేసి ఇంగ్లీషు అక్షరాల గుంపులేననీ, కోడ్ సెక్షన్ చేతులెత్తేసిందనీ చెప్పి, పట్టుకున్న మెసేజ్ ఒకటి అతని ముందు పెట్టాడు.

మూడేసి అక్షరాలు చూడగానే భాస్కరరావు పెన్సిలు అందుకున్నాడు. అక్షరాలను అంకెలుగా మార్చాడు. తనకు కంఠతా వచ్చిన ఒక మ్యాట్రిక్స్‌కు, ఆ తొమ్మిది అంకెల చదరానికి, ఇన్వర్స్ కట్టి, ఆ అంకెలను గుణించాడు. మొదటి మాట ‘మిలిటరీ’ అని వచ్చింది. రెండోది ‘స్పెషల్’.

ఎలా పట్టావని అడిగాడు చీఫ్. ఊహించానన్నాడు భాస్కరరావు. అది అబద్ధం. ఆ మ్యాట్రిక్స్ పుట్టినప్పుడు దాన్ని ఎరిగిన వాళ్లు ప్రపంచంలో ఇద్దరే. రెండో మనిషి కల్యాణి.

వాల్తేరులో ఇద్దరూ అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఎం.ఎస్సీ. చదివారు. వంతెన దూలాల మీద బరువులైనా, తీగల్లో కరెంటైనా చివరికి లీనియర్ ఈక్వేషన్లేనని ప్రొఫెసర్ చెబుతుంటే, చింతలపూడి నుంచి వచ్చిన ఆ అమ్మాయి కళ్లు మెరిసేవి. క్లాసులో అతనికి అర్థంకానిది సాయంత్రం బీచిలో ఇసుక మీద గీసి చెప్పేది. హాస్టల్ వార్డెన్ చదవకుండా చీటీలు రాసుకోవడానికి ఆ మ్యాట్రిక్స్ తయారు చేసింది ఆమే. డిటర్మినెంట్ సున్నా కాకుండా చూసుకోవాలనీ, సున్నా అయితే వెనక్కి దారుండదనీ నేర్పింది కూడా ఆమే.

తర్వాత ఈ ఉద్యోగం వచ్చింది. ఎవరికీ చెప్పకూడదన్నారు. అతను ఆమెకూ చెప్పకుండా వెళ్లిపోయాడు.

ఖరగ్‌పూర్ మామిడి వ్యాపారి వేషంలో భాస్కరరావు నూజివీడులో దిగాడు. అత్తరు, జరీ కండువా, బంగారు పన్ను. చేతిలోని ట్రాన్సిస్టర్‌లో పాటలతో పాటు శత్రువుల వేవ్‌లెంగ్త్ కూడా పలుకుతుంది. జవాన్లను తీసుకెళ్లే మిలిటరీ స్పెషల్ రైలును బాంబుతో పేల్చాలని చూస్తున్న ముఠాకు నాయకుడు ఎగుమతి వ్యాపారి శ్రీమన్నారాయణ అని చిన్నరాయప్ప చనిపోయే ముందే కబురు పంపాడు. భాస్కరరావు ఆ షావుకారు తోటకే బేరానికి వెళ్లాడు.

పాకలో రసాల వాసన గుప్పుమంటోంది. గడ్డి పరిచిన బుట్టల మధ్య నుంచి పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో ఒకామె నడిచి వచ్చింది. మా సెక్రటరీ అని పరిచయం చేశాడు శ్రీమన్నారాయణ. ఆమె నమస్కారం పెట్టింది. ఆమె కల్యాణేనని భాస్కరరావు పోల్చుకున్నాడు.

లారీ వచ్చిందని షావుకారు బయటికి వెళ్లాడు. తలుపు దగ్గర కాపలావాడు నిలబడే ఉన్నాడు. కల్యాణి ఒక పండు తీసి, నాణ్యం చూపిస్తున్నట్టు భాస్కరరావు చేతిలో పెట్టింది.

“ఆలస్యంగా వచ్చారండీ,” అంది మెల్లగా.

“నువ్విందులో ఎందుకున్నావు?”

“వ్యాపారానికి కోడ్ కావాలంటే చేరాను. సంగతి తెలిసేసరికి బయటికి పోనివ్వలేదు. అందుకే వీళ్లకి మన మ్యాట్రిక్సే ఇచ్చాను. చెప్పకుండా పోయారంటే ఇలాంటి ఉద్యోగమేననుకున్నాను. ఎక్కడున్నా మీరు చదువుతారని.”

బయట జీపుందనీ, ఇప్పుడే వచ్చెయ్యమనీ అతను బతిమాలాడు. తాను మాయమైతే బాంబును ఇంకో రైలుకు మళ్లిస్తారంది. బుట్టల్లో ఏదో ఒకదానిలో అది వెళుతుందనీ, ఏదన్నది లోడింగ్ రోజు గాని తేలదనీ చెప్పింది.

“రేపు వాళ్ల మెసేజ్ నేనే కడతాను. పంపేవాడికి మోర్సు తప్ప ఏమీ రాదు. నేనేం కలిపినా తెలియదు. వినండి.”

“అవతలివాళ్లకి తెలుస్తుంది కదా?”

“తెలుస్తుంది,” అంది కల్యాణి. అద్దాలు తీసి ఒక్కసారి అతన్ని చూసి, మళ్లీ పెట్టుకుంది. అప్పటికే శ్రీమన్నారాయణ లోపలికి వస్తున్నాడు.

మర్నాడు ఎండ మండిపోతుండగా నూజివీడు స్టేషన్లో మామిడి వ్యాగన్లను మిలిటరీ స్పెషల్‌కు తగిలిస్తున్నారు. జవాన్లు కిటికీల్లోంచి చేతులు చాపి కాయలు కొనుక్కుంటున్నారు. భాస్కరరావు వెయిటింగ్ రూములో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, సిగరెట్ పెట్టె అట్ట మీద అక్షరాలు దింపుకుంటున్నాడు. షావుకారు మెసేజ్ అయిపోయాక ఇంకొన్ని గుంపులు వచ్చాయి. గుణించాడు. చెమట పడి అంకెలు చెరిగిపోతే మళ్లీ గుణించాడు. చివరి వ్యాగన్. బంగినపల్లి. ఎర్ర తాడు.

గార్డు పచ్చజెండా ఎత్తాడు. భాస్కరరావు పరుగెత్తి వ్యాగన్ పట్టుకుని పైకెక్కాడు. బుట్టలు తోసుకుంటూ ఎర్రతాడు బుట్ట లాగి, రైలు వేగం అందుకుంటుండగా దాంతో సహా దూకాడు. మోచేతులు చీరుకుపోయాయి. బుట్టను పక్కనున్న దిగుడు బావిలోకి విసిరి నేల మీద పడుకున్నాడు. బాంబు పేలి బావి నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు లేచాయి. రైలు ఆగలేదు.

అతను తోటకు చేరేసరికి పోలీసులు శ్రీమన్నారాయణకు బేడీలు వేస్తున్నారు. కల్యాణి మోసం చేసిందని అవతలి నుంచి జవాబు రైలు కదలకముందే వచ్చిందట. కల్యాణి పాక వెనక చెట్టు మొదట్లో ప్రాణం లేకుండా పడి ఉంది. తోటలో పనిచేసే అచ్చమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని, తువ్వాలుతో ఈగలు తోలుతోంది.

“ఎవరన్నా వస్తారా అని దారికేసే చూసిందయ్యా,” అంది అచ్చమ్మ.

భాస్కరరావు ఎండలో అలాగే కూలబడ్డాడు. అచ్చమ్మ చేతిలో తువ్వాలు తీసుకుని, ఏడుస్తూ తానే ఈగలు తోలాడు. కూలీలు బుట్టలు దించి దూరంగా నిలబడిపోయారు. ఖరగ్‌పూర్ షావుకారు ఆ సెక్రటరీ కోసం అంతలా ఎందుకు ఏడుస్తున్నాడో వాళ్లకు బోధపడలేదు.

హైదరాబాదులో చీఫ్ రిపోర్టు చదివాడు. చనిపోయిన ఆమె శత్రువుల మనిషి కాదని రాసిన చోట సంతకం పెట్టాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఈ లెక్కల్లో యూనివర్సిటీ ఫస్టు నువ్వేనా?” అన్నాడు.

“సెకండండీ,” అన్నాడు భాస్కరరావు. “ఈసారి కూడా.”